పిల్లి చెవుల ఊలు టోపీ

చేవెళ్ళ, మొయినాబాదు పొలాల్లో తెల్లవారుజాము చలి ముందుగా తగిలేది చెవులకే. కూరగాయల బండి ఎక్కే నాన్నకూ, బడికి పోయే బిడ్డకూ ఈ అల్లిక ఒక్కటే.

నాలుగు గొలుసులు అల్లి వలయంగా కలపండి. అందులో, సూదికి దారం ఒకసారి చుట్టి తీసే కుట్లు 12 వేయండి. రెండవ వరుసలో 24, మూడవ వరుసలో 36, ఇలా వరుసకు 12 పెంచండి. 48 సెంటీమీటర్ల తలకైతే బిళ్ళ అడ్డుకొలత 15, పెద్దల 56కు సుమారు 18 రాగానే పెంపు ఆపాలి. ఆశకొద్దీ పెంచితే గంపమూత అవుతుంది. నా మొదటి టోపీ అదే! ఆపైన పెంచకుండా చెవులు మూసేవరకు అల్లండి. రెండు త్రికోణాలు అల్లి పైన కుట్టండి. నాన్న నవ్వుతూనే పెట్టుకుంటాడు.

ఒక్క జాగ్రత్త. బజారులో చవకగా దొరికే ఊలు చాలావరకు ఆక్రిలిక్. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. బిడ్డ చలిమంట దగ్గరికి పోకముందే టోపీ తీసేయండి.