పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు అండ ఎవరు?

సంతానానికి పద్దెనిమిదేళ్లు నిండితే మన ఇళ్లలో ఓటరు కార్డు, కళాశాల చదువు, ఉద్యోగం, పెళ్లి గురించిన మాటలు మొదలవుతాయి. మేధో వైకల్యం గల బిడ్డ ఉన్న ఇంట ఆ పుట్టినరోజు చడీచప్పుడు లేకుండా గడచిపోతుంది. కాని చట్టం దృష్టిలో ఆ రోజు నుంచి అతడు మేజరు. ఆ మార్పుకు ముందుగా సిద్ధపడిన కుటుంబాలు, మేము ఎరిగినంతలో, బహు తక్కువ.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్యకు హామీ ఇస్తున్నది. మండలాల్లోని భవిత కేంద్రాలు కూడా బడి ఈడు పిల్లల కోసం ఏర్పడినవే. ఆ గడువు తీరాక బిడ్డ ఇంటి నాలుగు గోడల మధ్యకు చేరుతున్నాడు. అదే సమయంలో బ్యాంకులు, రిజిస్ట్రేషన్ కార్యాలయాలు సంరక్షకత్వ పత్రం చూపమని అడుగుతాయి. "కన్నవాళ్లం, మాకు కాగితమెందుకు?" అని తల్లిదండ్రులు నొచ్చుకోవడం సహజమే. వారి ప్రేమను ఎవరూ శంకించడం లేదు. తమ తరువాత ఎవరన్నదే అసలు ప్రశ్న.

దీనికి దారి చూపేందుకే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారికి ఇది వర్తిస్తుంది. జిల్లా కలెక్టరు, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి ఉండే స్థానిక స్థాయి కమిటీకి తల్లిదండ్రులుగాని, బంధువుగాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లోగా బిడ్డ ఆస్తుల జాబితా సమర్పించాలి, ఏటా లెక్కలు చెప్పాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా అతనిని తొలగించే అధికారం కమిటీకి ఉంది. ఈ పత్రం పెద్దలకు పెత్తనం ఇవ్వడంతో సరిపెట్టదు, వారిని జవాబుదారులను చేస్తుంది.

అయితే మేధో వైకల్యం గల ప్రతివారికీ అన్ని విషయాల్లో సంరక్షకుడు అవసరమని భావించరాదు. 2016 చట్టం పరిమిత సంరక్షకత్వాన్నే ప్రధానంగా గుర్తించింది. అంటే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తి ఇష్టాన్ని తెలుసుకుని, అతనితో కలిసి నిర్ణయించడం. ఏ బట్ట కట్టాలి, ఎవరితో కూర్చోవాలి, ఏ పని నేర్చుకోవాలి అన్న విషయాల్లో అతనికి సొంత అభిప్రాయం ఉంటుంది. దానిని అడిగే అలవాటు ఇంట్లోనే మొదలు కావాలి.

ఆస్తి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన వారసత్వంలో వాటా పోదు. అయినా "మేమే చూసుకుంటాం కదా" అంటూ అన్నదమ్ములు ఆ వాటాను తమలో కలిపేసుకోవడం కొన్ని ఇళ్లలో జరుగుతున్నది. వారసుని పేర రాసిన వసీయత్‌కు మిగిలిన వారసుల సమ్మతి కావాలి గనుక, ఆ బిడ్డకు అదనంగా ఏమైనా ఇవ్వదలచినవారు బతికుండగానే హిబా గురించి న్యాయవాదితో మాట్లాడుకోవడం మేలు. ప్రభుత్వోద్యోగులకు మరొక మాట. సొంతంగా సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి నిబంధనల మేరకు జీవితాంతం కుటుంబ పింఛను లభిస్తుంది. పదవీ విరమణకు ముందే ఆ బిడ్డ పేరు, వైకల్య ధ్రువపత్రం సర్వీసు రికార్డుల్లో చేర్చకపోతే తరువాత కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఆడపిల్లల విషయంలో మన మౌనం ఇంకా బరువైనది. వైకల్యాన్ని దాచి పెళ్లి చేస్తే అంతా చక్కబడుతుందన్న ఆశ ఇరు కుటుంబాలనూ, అందరికన్నా ముందు ఆ పిల్లనూ కష్టాల పాలు చేస్తుంది. డబ్బు గుర్తించడం, వంటింటి పనులు, ఒంటిపై చెయ్యి వేస్తే వద్దని చెప్పడం ఆమెకు పెళ్లి కన్నా ముందుగా నేర్పవలసినవి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థలో, నేటి పేరు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి., ఇటువంటి శిక్షణపై తల్లిదండ్రులు సలహా పొందవచ్చు.

ప్రభుత్వాలను మేము కోరేది ఇది. స్థానిక స్థాయి కమిటీలు ప్రతి జిల్లాలోనూ క్రమం తప్పక సమావేశం కావాలి. దరఖాస్తు పత్రం తెలుగులోనూ, ఉర్దూలోనూ దొరకాలి. బడి విడిచిన రోజే పగటి శిక్షణ కేంద్రం తలుపు తెరుచుకోవాలి. తల్లిదండ్రులు పోయాక ఉండేందుకు ఉద్దేశించిన ఘరౌందా వంటి వసతి గృహాలు అన్ని జిల్లాలకూ రావాలి.

మన వంతు కూడా ఉన్నది. ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలో పద్నాలుగేళ్లు దాటిన ఇటువంటి పిల్లలు ఎందరున్నారో ఈ నెలలోనే తెలుసుకోవాలి. సదరం ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు, పింఛను, లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు భరించే నిరామయ బీమా ఎవరికి ఉన్నాయో, ఎవరికి లేవో రాసుకోవాలి. చదువుకున్న యువకులు ఇద్దరు ముందుకు వచ్చి దరఖాస్తులు నింపిపెట్టినా చాలు, ఎన్నో ఇళ్లకు ఊరట కలుగుతుంది. పిల్లవానికి పద్నాలుగో ఏట మొదలుపెట్టిన పని పద్దెనిమిదో ఏటికి పూర్తవుతుంది. తండ్రి జనాజా లేచిన తరువాత మొదలుపెడితే, అప్పటికి ఆ బిడ్డ పక్షాన మాట్లాడేవారు ఎవరూ మిగలకపోవచ్చు.