తుప్పు వదిలితే చాలదు, ముప్పు కూడా వదలాలి



తోలు బెల్టుతో తిరిగే పాత లేత్ మిషన్లను కొని, ఇంటి షెడ్డులో బాగుచేసి మళ్లీ నడిపించేవారు అమెరికాలో, ఇంగ్లాండులో చాలామంది ఉన్నారు. అక్కడ స్థిరపడిన మన పిల్లల్లో ఎవరికైనా ఈ ఇష్టం పుడితే మేము సంతోషిస్తాం. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాం. పాత మిషనుకు తుప్పు వదిలించడం సగం పనే. దాని ముప్పు కూడా వదిలించినప్పుడే అది బాగైనట్టు.

ఆయిల్ ఇంజనుతో నడిచే పాత బియ్యం మిల్లును చూసినవారికి ఈ మిషన్ల పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో ఒకే ఇంజను పైకప్పు కింద ఉన్న పొడవాటి షాఫ్టును తిప్పేది. ఆ షాఫ్టు నుంచి ఒక్కో మిషనుకు ఒక్కో బెల్టు దిగేది. ఇప్పుడు ఇళ్లలో ఆ పనిని ఒక చిన్న మోటారు చేస్తుంది. మెట్లు మెట్లుగా ఉండే పుల్లీ మీద బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారిస్తే వేగం మారుతుంది. చదునైన బెల్టు ఎత్తువైపుకే పాకుతుంది. అందుకని పుల్లీ మధ్యభాగాన్ని కాస్త ఉబ్బెత్తుగా చేశారు. ఆ చిన్న ఉబ్బే బెల్టును పక్కకు జారనివ్వదు.

1906లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణంలో ఓబ్రయన్ కవల సోదరులు పెట్టిన కంపెనీ లేతులు ఇప్పటికీ ఇళ్లలో తిరుగుతున్నాయి. ఆ కాలపు మిషన్లలో చాలావాటికి బాల్ బేరింగులు ఉండవు. 1839లో ఐజాక్ బాబిట్ కనిపెట్టిన మెత్తని లోహాన్ని బేరింగుల్లో పోసేవారు. అరిగితే పాతది కరిగించి తీసేసి, కొత్తది పోసుకోవచ్చు. అవి బాగుచేసుకోవడానికి వీలుగా చేసిన వస్తువులు. ఆ గుణాన్ని మనం మెచ్చుకోవాలి.

మెచ్చుకోవడం వేరు, గుడ్డిగా అనుసరించడం వేరు. ఆ రోజుల్లో చాలాచోట్ల బెల్టులకు, షాఫ్టులకు గార్డులు లేవు. చొక్కా చేయో, జుట్టో చుట్టుకుని చేతులు పోగొట్టుకున్నవారు, ప్రాణాలే పోగొట్టుకున్నవారు ఉన్నారు. మన మిల్లుల్లో చీర కొంగుకు ఉన్న భయం కూడా ఇదే.

"పాతది పాతదిలాగే ఉండాలి, గార్డు పెడితే అందం పోతుంది" అని కొందరంటారు. మ్యూజియంలో కదలకుండా ఉన్న మిషనుకు ఆ మాట చెల్లుతుంది. కరెంటు పెట్టి తిప్పే మిషనుకు చెల్లదు. మిషనుకు ఒక్క రంధ్రం కూడా వేయకుండా గార్డును పక్కన స్టాండు మీద నిలబెట్టవచ్చు, కావలసినప్పుడు తీసేయవచ్చు. తెగిన వేలును మాత్రం అలా మళ్లీ బిగించలేం.

"బరువు ఎక్కువైతే బెల్టు జారిపోతుంది కదా" అని ఇంకొందరంటారు. నిజమే, టూలు ఇరుక్కున్నప్పుడు బెల్టు జారితే మిషను బతకవచ్చు. ఇనుమును కోసే బలం ఉన్న బెల్టు మన వేలి దగ్గర ఆగుతుందని ఎలా నమ్ముతాం?

కాబట్టి ప్రియులారా, రంగు వేసే ముందు ఈ పనులు చేయండి. పాత రంగులో సీసం ఉండవచ్చు, దాన్ని పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. వైరింగు కొత్తగా వేయించండి. ఆపే స్విచ్ చేతికి వెంటనే అందేలా పెట్టండి. బెల్టు మార్చేటప్పుడు ప్లగ్ పీకేయండి. చేతి గ్లౌజులు, వదులు బట్టలు వేసుకుని తిరిగే మిషను దగ్గరికి వెళ్లకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే షెడ్డుకు తాళం వేయండి.

ఒకప్పుడు ఆ మిషన్ల ముందు నిలబడి పనిచేసినవారిలో ఎంతోమందికి గార్డు కావాలని అడిగే అవకాశమే లేదు. మనకు ఉంది. వారి పనితనాన్ని నిలబెడదాం, వారు పడిన బాధను మాత్రం మన ఇంటికి తెచ్చుకోవద్దు. ఈసారి స్విచ్ వేసే ముందు బెల్టుకు గార్డు ఉందో లేదో చూసుకోండి.