భూగర్భజలం – మురుగునీటి శుద్ధి

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచివేసిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద నివారణతోపాటు మురుగుపారుదలకు కూడా ప్రణాళిక రచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. త్రాగునీటి విషయంలో ఇంతటి దూరదృష్టి చూపిన నగరం, వాడి విడిచిన నీటి విషయంలో దానిని నిలుపుకోలేకపోయింది.

మురుగు కంటికి మరుగైనంత మాత్రాన మాయం కాదు. పగిలిన గొట్టాల నుండి, కచ్చా నాలాల నుండి నేలలోనికి ఇంకి, గ్రానైటు రాతి పగుళ్ళ వెంట బావులను చేరుతుంది. అందువలన నీటిలో నైట్రేటు పెరుగుతుంది. లీటరు త్రాగునీటిలో అది 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. నీటిని కాచితే క్రిములు నశిస్తాయి గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరైనకొలదీ మరింత చిక్కబడుతుంది.

అంబర్‌పేటలో దినానికి 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధిచేయగల కేంద్రముంది. ఇటువంటివి అవసరమే. కాని కేంద్రమెంత పెద్దదైనా తనను చేరని మురుగును శుద్ధిచేయజాలదు. కావున పురపాలక ప్రణాళికలో యంత్రాలకన్న ముందు ఇంటింటి గొట్టానికి స్థానముండాలి. వాననీటి కాలువ, మురుగు కాలువ వేరు కావాలి. వానలకు ముందు, తరువాత బావినీటిని పరీక్షించి, ఫలితాలను ఉర్దూ, తెలుగు భాషలలో వాడవాడలా ప్రకటించాలి.

ఇందుకు వ్యయం అధికమని కొందరంటారు. బావి చెడిన బీదవాడు నేడు నీటిని కొనుక్కొంటున్నాడు. ఆ వ్యయం అతని జేబు నుండి పోతున్నది గనుకనే ఎవరి లెక్కలోనికీ రావడం లేదు.

మన రసాయనశాస్త్ర విద్యార్థులు పరిసర బావుల పరీక్షకు పూనుకోవాలి. అందుకు పాలకవర్గం ప్రయోగశాల తలుపులు తెరవాలని మనవి.