చీపురు ఎవరి చేతిలోనిది?

జపాను దేశము చూచి వచ్చిన మనవారిలో పలువురు ఒక్క మాటనే చెప్పుచుందురు: "ఆ శుభ్రత, ఆ మర్యాద వారి రక్తములోనే ఉన్నవి, మనకు అలవడవు." మేమును టోక్యో, క్యోటో నగరములలో కొన్నాళ్ళు తిరిగి వచ్చితిమి. ఈ మాటను మేము అంగీకరింపజాలము. ఇది ప్రశంస కాదు. మన సోమరితనమునకు వేసికొన్న ముసుగు.

రక్తములోని గుణమే యైనచో, 1964 ఒలింపిక్ క్రీడలకు పూర్వము టోక్యో చెత్తతోను మురికినదులతోను ఏల బాధపడినది? అతిథులు వచ్చుచున్నారని చెప్పి పౌరులను వీధులు ఊడ్చుటకు పురికొల్పవలసి వచ్చినది. కనుక అది పుట్టుకతో వచ్చినది కాదు, సాధనచే వచ్చినది.

ఆ సాధనకు మొదటి చోటు బడి. అచ్చటి పాఠశాలలు పెక్కింటిలో పిల్లలే తమ తరగతి గదులను, నడవలను ఊడ్చి గుడ్డతో తుడుచుచుందురు. మధ్యాహ్న భోజనమును తోటివారికి తామే వడ్డింతురు. వైద్యుని బిడ్డయైనను కూలివాని బిడ్డయైనను పట్టవలసిన చీపురు ఒక్కటే. పెద్దవారైన పిదప, వీధిలో చెత్తబుట్ట కానరానిచో చేతిలోని కాగితమును ఇంటికి కొనిపోవుదురు. 2018లో రష్యాలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో బెల్జియము చేత ఓడిన జపాను జట్టు, తాము వాడిన గదిని శుభ్రపరచి, రష్యా భాషలో కృతజ్ఞత తెలుపు చీటి నుంచి వెడలినది. ఓటమినాడును చెడని మర్యాద అది.

గడపయొద్ద పాదరక్షలు విడుచుట, భోజనమునకు ముందు చేతులు జోడించుట చూచి, "ఇవి మనకును కలవు గదా" అని మురియువారు కలరు. నిజమే, కలవు. కాని మన శుచి గడప దాటదు. ఇల్లు కడిగిన నీటిని వీధిలో పోయుదుము. ఊడ్చుటకు వేరొకడు ఉన్నాడని ఊరకుందుము. ఆ వేరొకడు ఏ కులమువాడో ఎరిగియు ఎరుగనట్లు నటింతుము.

జపాను నిష్కళంకమని మేము అనుట లేదు. తోళ్ళపని వారిని, పశువధ చేయువారిని వెలిగా ఉంచిన పాపము వారికిని కలదు. 1871లో శాసనముచే ఆ భేదమును రద్దుచేసినను వివక్ష అంతటితో పోలేదు. అయినను బడిలో చీపురును మాత్రము అందరి చేతికిని ఇచ్చిరి. మనము అదియు చేయలేదు.

తరతరములుగా తెలుగునేల వెలుపల కాపురమున్న మనము, భాషను ఆచారమును నిలుపుకొంటిమని గర్వించుచుందుము. మంచిదే. కాని ఉగాది ఉత్సవము ముగిసిన రాత్రి మన మండపములో ఎంగిలి విస్తళ్ళు ఎత్తుచున్నది ఎవరు? పొరుగువారికి మన ఉపన్యాసములు అర్థము కావు. మనము విడిచిపోయిన నేల అర్థమగును. రానున్న ఉగాదినాడు ఆ విస్తళ్ళను మన పిల్లలు ఎత్తవలెను. వారికంటె ముందు మనము వంగవలెను.