ఉపాధ్యాయ శిక్షణమా, పరీక్షా శిక్షణమా?

ఉండి చుట్టుపట్ల గ్రామములనుండి ఉపాధ్యాయ శిక్షణము ముగించుకొని వచ్చిన యువకులలో ననేకులు మొదట పోవునది బడికి గాదు, అవనిగడ్డ కోచింగు కేంద్రమునకు. రెండేండ్లు శిక్షణ పొందినవారికి మరల శిక్షణ మేల? టెట్టు గట్టెక్కవలెను గదా!

ఈ పరీక్ష ఊరక పుట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టము ననుసరించి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010 ఆగస్టు 23న దీనిని విధించెను. మన రాష్ట్రమున 2011లో మొదటిసారి జరిగెను. హాజరుపట్టీ నింపి పట్టము లిచ్చు ప్రైవేటు కళాశాలలు పెరిగిన కాలమున నొక జల్లెడ యవసరమే. దానిని పాఱవేయు డనువారితో మే మేకీభవింపము.

కాని 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, ప్రతి ప్రశ్నకు నాలుగు సమాధానములు: ఇంతయే పరీక్ష. డి.ఎస్.సి. యందు సెకండరీ గ్రేడు, స్కూలు అసిస్టెంటు కొలువులకు టెట్టునకు 20 పాళ్లు, వ్రాతపరీక్షకు 80 పాళ్లు. అభ్యర్థి పాఠము చెప్పుచుండగా చూచి వేయు మార్కు ఒక్కటియు లేదు. బి.ఎడ్.ను 2015 నుండి రెండేండ్లకు పెంచి, 20 వారములు బడులలో గడపవలె నన్నారు. సంతోషమే. ఆ వారములలో గూడ పాఠ్యప్రణాళిక పుస్తకము చాటున బిట్లు వల్లించు శిక్షణార్థిని మే మెట్లు తప్పు పట్టగలము?

కొల్లేటి లంకలో నొక బాలుడు 52 నుండి 38 తీసివేసి 26 అని వ్రాసె ననుకొందము. అది యజాగ్రత్త గాదు. పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీయవలెనని వాడు తనకు తానొక సూత్రము కల్పించుకొన్నాడు. రెండు తరగతుల నొకే గదిలో కూర్చుండబెట్టుకొని యా సూత్రమును కనిపెట్టువాడే ఉపాధ్యాయుడు. పియాజే చెప్పిన దశల పేళ్లు గుర్తించుటచే నీ చూపు రాదు. మా న్యాయవాదులకును నిట్టి గుర్తింపు పరీక్ష కలదు. దానిని గెలిచినవా రందఱు కోర్టులో నోరు విప్పగలరని మేము సాక్ష్యము చెప్పజాలము.

2025 సెప్టెంబరు 1న సుప్రీముకోర్టు, పదవీవిరమణకు ఐదేండ్లకు మించి గడువున్న పాత ఉపాధ్యాయులును రెండేండ్లలో టెట్టు నెగ్గవలెనని తీర్పు చెప్పెను. కోచింగు కేంద్రములకు మఱొక పంట!

పరీక్ష నుండనిండు. ఆ 80లో కొన్ని పాళ్లు పిల్లలయెదుట చెప్పిన పాఠమునకు కేటాయింపుడు. సిఫారసులు చొరబడునని యందురు. ఆ భయము న్యాయమైనదే. కావున దూబచర్ల డైట్ వంటి సంస్థలనుండి, అభ్యర్థి కళాశాలతో సంబంధము లేని యిరువురు పరీక్షకులు రావలెను. వేసిన మార్కు నానాడే ఆ బడి గోడకు అంటింపవలెను.