ఏడడుగుల కుర్రవాడు ఏ కళాశాలలో చేరాలి?

జూన్ నెల వచ్చిందంటే చాలు, ఢిల్లీలోను, చుట్టుప్రక్కల నోయిడా, ఫరీదాబాదు, గాజియాబాదులలోను ఉన్న ప్రభుత్వరంగ సంస్థల క్యాంటీన్లలో టీ గ్లాసుల చుట్టూ ఒకే చర్చ. ఎవరి అబ్బాయికి ఎన్ని మార్కులు, ఎవరి అమ్మాయికి ఏ కళాశాల? విద్యార్థి చేతులు కట్టుకుని నిలబడటం, కళాశాల తలుపు తెరవటమో మూయటమో చేయటం, ఇదే మనకు తెలిసిన క్రమం. దీనికి పూర్తిగా తలక్రిందులైన వ్యవహారం ఒకటి ఉన్నది. అందులో విద్యార్థి ఇంటివద్ద కూర్చుని ఉంటాడు. కళాశాలలే వరుసకట్టి అతని గుమ్మం ముందు నిలబడతాయి. అమెరికాలో ఉన్నత పాఠశాల స్థాయిలో బాస్కెట్‌బాల్ అద్భుతంగా ఆడే పిల్లల సంగతి ఇది. మనకెందుకీ గొడవ అని పాఠకులు అనవచ్చును. ఢిల్లీ పరిసరాలలో శిక్షణ పొందిన మన పిల్లలు కూడా కొందరు ఆ మార్గాన వెళ్ళినారు కనుక ఈ నెల ఈ శీర్షికలో దీనిని గురించి ముచ్చటింపదలచినాము.

ఇంజనీర్లకు సులభంగా బోధపడేటట్లు చెప్పాలంటే ఇది రెండు కవర్ల టెండరు. కొనుగోలుదారు 17 ఏళ్ళ కుర్రవాడు. బిడ్డర్లు కళాశాలలు. మొదటి కవరులో సాంకేతిక వివరాలు ఉంటాయి: శిక్షకుడెవరు, ఏ స్థానంలో ఆడిస్తారు, ఏ చదువు చెబుతారు. రెండవ కవరులో డబ్బు. సాంకేతిక కవరు తృప్తికరంగా ఉంటే తప్ప ధరల కవరు విప్పరాదన్నది మన పద్ధతి. ఆ కుర్రవాని ఇంటిలో ఏ కవరు ముందు విప్పుతారన్నదే అసలు ప్రశ్న.

మొదటి కవరును శ్రద్ధగా చదివిన కుర్రవాడొకడు 1965లో ఉన్నాడు. పేరు లూ ఆల్సిండర్. న్యూయార్క్‌లోని పవర్ మెమోరియల్ పాఠశాలలో చదివేవాడు. ఏడడుగులకు పైబడిన ఎత్తు. అతని జట్టు వరుసగా 71 ఆటలు గెలిచింది. దేశంలోని కళాశాలలన్నీ అతనిని కోరినవంటే అతిశయోక్తి కాదు. పాఠశాలలో అతనికి ఆట నేర్పిన శిక్షకుడు హోలీ క్రాస్ కళాశాలకు వెళుతూ, శిష్యుడు కూడా తన వెంట వస్తాడని ఆశించినాడు. కానీ ఒక ఆట మధ్య విరామంలో ఆ గురువు జాతిని కించపరచే మాట ఒకటి విసిరినాడు. కుర్రవాడు ఆ మాటను మరువలేదు. మరొక వైపు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే యు.సి.ఎల్.ఎ., తరఫున అతనికి రెండు ఉత్తరాలు వచ్చినాయి. ఒకటి బేస్‌బాల్‌లో వర్ణభేదపు గోడను కూల్చిన జాకీ రాబిన్‌సన్ వ్రాసినది. రెండవది ఐక్యరాజ్యసమితిలో పనిచేసి 1950లో నోబెల్ శాంతి బహుమతి పొందిన రాల్ఫ్ బంచ్ వ్రాసినది. ఇద్దరూ అక్కడి పూర్వ విద్యార్థులే. బంచ్ స్వయంగా అక్కడ బాస్కెట్‌బాల్ ఆడినవాడు. శిక్షకుడు జాన్ వుడెన్‌ను కలిసినప్పుడు ఆయన ఆటకంటె ముందు చదువును గురించి మాట్లాడినాడని ఆ కుర్రవాడే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఆ రోజులలో మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడరాదు. ఆ నిబంధన 1972 వరకు ఉన్నది. అయినను 1965 నవంబరులో ఆ విశ్వవిద్యాలయపు మొదటి ఏటి పిల్లలు, అంతకు ముందు వరుసగా రెండేళ్ళు జాతీయ విజేతలైన తమ ప్రధాన జట్టునే 75-60 తేడాతో ఓడించినారు. ఆ తరువాత 1967, 68, 69 సంవత్సరాలలో మూడు జాతీయ విజయాలు, 90 ఆటలలో రెండే ఓటములు. ఆ కుర్రవాడే తరువాత కరీమ్ అబ్దుల్-జబ్బార్ అయినాడు. మా దృష్టిలో ఇక్కడ ముఖ్యమైనది విజయాల లెక్క కాదు. ఆ కళాశాలలో చదివి వెళ్ళినవారు ఏమైనారో చూసి అతడు దానిని ఎన్నుకున్నాడు. సరఫరాదారుని పాత పనుల జాబితా చూడకుండా మనం పంపు కూడా కొనము కదా!

ఇక ఒప్పందపు షరతుల విషయానికి వద్దాము. అమెరికా కళాశాలల క్రీడలను నడిపే ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థలో మొదటి శ్రేణికి చెందిన పురుషుల బాస్కెట్‌బాల్ కళాశాలలు 350కి పైగా ఉన్నాయి. ఒక్కొక్క జట్టుకు చిరకాలం 13 ఉపకార వేతనాలు ఉండేవి, అనగా సుమారు 4,500 మంది కుర్రవాళ్ళు. వృత్తి క్రీడా సంఘమైన ఎన్.బి.ఎ. ఏటా ఎంపిక చేసుకునేది రెండు ఆవృత్తాలలో కలిపి 60 మందిని మించి కాదు. అందులోను విదేశీయులు కొందరు. ఎంపిక జరిగే సంవత్సరంలో 19 ఏళ్ళు నిండేవారికి తప్ప ఎంపికకు అర్హత లేదన్న నియమం 2006 నుండి అమలులో ఉన్నందున అత్యుత్తములు ఒక్క ఏడు కళాశాలలో గడిపి వెళ్ళిపోతారు. వారికి కళాశాల ఒక విశ్రాంతి మందిరం. మిగిలిన వేలమందికి అదే జీవితం.

ఆ వేలమంది చేత ఎటువంటి కాగితంపై సంతకం చేయించేవారు? 1964 నుండి 2024 వరకు అంగీకార పత్రం అని ఒకటి ఉండేది. దానిపై సంతకం చేసిన విద్యార్థి మరొక కళాశాల వైపు చూడరాదు. కళాశాల వైపు నుండి హామీ మాత్రం అంత గట్టిది కాదు. 1973 నుండి 2012 వరకు ఉపకార వేతనం ఒక్కొక్క ఏడాదికే. మోకాలు దెబ్బతిన్నా, క్రొత్త శిక్షకునికి నచ్చకపోయినా మరుసటి ఏడు పొడిగించకపోవచ్చును. మన కార్యాలయాల్లో ఏసీలకు, లిఫ్టులకు చేసుకునే వార్షిక నిర్వహణ ఒప్పందం వంటిదన్న మాట. 2012లో బహువర్ష ఒప్పందాలను అనుమతించినారు. ఆట సరిగా లేదన్న కారణంతో వేతనం తీసివేయరాదని 2015లో ఐదు పెద్ద కూటములు నిర్ణయించుకున్నాయి. తక్కిన కళాశాలల కాగితాన్ని మాత్రం చివరి పంక్తి వరకు చదువవలసిందే.

రెండవ కవరు 2021 జూలైలో బాహాటమైనది. తమ పేరుతోను, బొమ్మతోను ఆటగాళ్ళు సంపాదించుకోవచ్చునని ఆనాటి నుండి అనుమతి. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒడంబడిక ప్రకారం కళాశాలలే ఆటగాళ్ళకు నేరుగా చెల్లింపవచ్చును. మొదటి ఏటికి పరిమితి ఒక్కొక్క కళాశాలకు అన్ని ఆటలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, మన లెక్కలో 170 కోట్ల రూపాయలకు పైమాటే. ఇంత సొమ్ము బల్లమీద ఉండగా మొదటి కవరును ఎవరు ఓపికగా చదువుతారు? అయితే మన పిల్లల విషయంలో ఇందులో ఒక మెలిక ఉన్నది. విద్యార్థి వీసాపై వెళ్ళినవారికి అక్కడ పనిచేసి సంపాదించుకునే హక్కు బహు స్వల్పం. పక్కనే నిలబడి ఆడే అమెరికా కుర్రవానికి లభించే సొమ్ము మన కుర్రవానికి చట్టరీత్యా అందకపోవచ్చును. కనుక మనవారికి మొదటి కవరే ముఖ్యం.

ఫ్లోరిడాలోని ఐ.ఎం.జి. అకాడమీ అనే ఒకే శిక్షణశాలలో వేర్వేరు కాలాలలో పెరిగిన ఇద్దరు పొడగరుల కథ ఈ సందర్భంలో చెప్పదగినది. మొదటివాడు మన పంజాబులోని బల్లో కే గ్రామానికి చెందిన రైతు బిడ్డ సత్నామ్ సింగ్. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. లూథియానా అకాడమీలో ఆడుతూ 2010లో, 14 ఏళ్ళ వయసులో, ఇంగ్లీషు దాదాపు రాకుండానే అమెరికా వెళ్ళినాడు. అయిదేళ్ళ తరువాత కళాశాల జట్టులో ఆడటానికి కావలసిన చదువు అర్హతలు అతనికి సమకూడలేదు. అందువల్ల 2015లో నేరుగా ఎన్.బి.ఎ. ఎంపికలో నిలబడినాడు. డల్లాస్ జట్టు 52వ స్థానంలో తీసుకున్నది. భారతదేశం నుండి ఎంపికైన మొదటివాడు అతడే! దేశమంతా సంతోషించింది, మేమూ సంతోషించినాము. కానీ ఎన్.బి.ఎ.లో ఒక్క ఆట కూడా ఆడలేదు. దిగువ శ్రేణి జట్టులో కొంతకాలం ఆడి, తరువాత వినోదపు కుస్తీ రంగంలోకి వెళ్ళినాడు.

రెండవవాడు కెనడాకు చెందిన జాక్ ఈడీ. ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. బాస్కెట్‌బాల్ పట్టుకున్నదే ఉన్నత పాఠశాలలో, ఆలస్యంగా. 2020లో పాఠశాల ఆటగాళ్ళ జాబితాలలో అతని స్థానం నాలుగు వందలకు అవతల. పొడవాటి ఆటగాళ్ళను ఓపికగా తీర్చిదిద్దుతారని పేరున్న పర్డ్యూ విశ్వవిద్యాలయాన్ని ఎన్నుకున్నాడు. మొదటి రెండేళ్ళు సగటున ఆటలో సగం సమయం కూడా ఆడలేదు. మూడవ ఏట, నాలుగవ ఏట, అనగా 2023, 2024లలో, దేశంలోనే ఉత్తమ కళాశాల ఆటగాడు. 2024లో మెంఫిస్ జట్టు 9వ స్థానంలో ఎంపిక చేసుకున్నది. అతడు కూడా విద్యార్థి వీసాపై ఉన్నవాడే.

ఇద్దరికీ ఎత్తు ఉన్నది, శ్రమ ఉన్నది, ఒకే మైదానం ఉన్నది. సత్నామ్‌కు లేనిది మూడవ ఏడు, నాలుగవ ఏడు. పెద్ద శరీరం నెమ్మదిగా కుదురుకుంటుంది. పెద్ద యంత్రాన్ని నెలకొల్పినరోజే పూర్తి భారంతో నడపరు కదా. ఆ వ్యవధిని ఇచ్చేది కళాశాల. ఆ కళాశాల తలుపు తెరిచేది మార్కుల పత్రం.

ఢిల్లీ ప్రస్తావనకు వద్దాము. 2017 మే నెలలో గ్రేటర్ నోయిడాలో ఎన్.బి.ఎ. వారు ఒక ఆవాస శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించినారు. అక్కడ తయారైన ప్రిన్స్‌పాల్ సింగ్ 2020లో కళాశాలను కాదని, జీతం ఇచ్చే ఇగ్నైట్ అనే జట్టులో చేరినాడు. కళాశాలలకు డబ్బు వచ్చేసరికి ఆ జట్టు అవసరమే లేకపోయినది. 2024లో మూతపడింది. అదే కేంద్రంలో శిక్షణ పొందిన అమాన్ సంధు అమెరికా పాఠశాలలో కొంత చదివి, 2021లో న్యూజెర్సీలోని మన్మత్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. ఎన్.బి.ఎ. వారి బాలికల కార్యక్రమం ద్వారా వెళ్ళిన హర్‌సిమ్రన్ కౌర్ సాన్ డియాగో విశ్వవిద్యాలయాన్ని ఎన్నుకున్నది. ఇవి పెద్ద పేర్లు కావు. పెద్ద పేరున్న చోట చివరి బల్లపై కూర్చోవటం కంటె ఆడించే చోటికి వెళ్ళటం మాకు మంచిదిగానే తోచింది.

ఇక విమానం ఎక్కని పిల్లల మాట. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో క్రీడలకు, ఇతర కళలకు కలిపి నూటికి 5 సీట్లు మించకూడదు. 2022 నుండి ఇందుకు కూడా ఉమ్మడి ప్రవేశ పరీక్ష వ్రాయవలసిందే. ఆ ఏడు పెట్టిన లెక్కలో నూటికి 25 వంతులు పరీక్ష మార్కులకు, 75 వంతులు ధ్రువపత్రాలకు, మైదానంలో జరిపే పరీక్షకు ఇచ్చినారు. ఇక్కడ కూడా కళాశాల పేరు చూసి మురిసిపోయేవారే ఎక్కువ. చాలా కళాశాలలకు వసతిగృహం లేదు. ద్వారకలో గది, ఉత్తర ప్రాంగణంలో కోర్టు, ఉదయం ఆరు గంటలకు సాధన అంటే ఆ పిల్లవాడు నాలుగున్నరకు లేచి మెట్రో వేళలు లెక్కపెట్టుకోవాలి. నవంబరు వచ్చేసరికి పొగమంచు. కప్పు ఉన్న కోర్టు లేని కళాశాలలో సాధన ఎన్ని వారాలు ఆగిపోతుందో చేరేముందు అడిగేవారిని మేము అరుదుగా చూసినాము.

మన దేశంలో ఈ టెండరులో మూడవ బిడ్డరు ఒకరు ఉన్నారు. అది మన వంటి సంస్థలే. వారణాసి నుండి వచ్చి భారత జట్టుకు నాయకత్వం వహించిన విశేష్ భృగువంశీకి ఆశ్రయం ఇచ్చినది ఓ.ఎన్.జి.సి. చంగనాశేరిలోని అసంప్షన్ కళాశాలలో చదివిన గీతూ అన్నా జోస్‌కు దక్షిణ రైల్వే. మధ్యతరగతి ఇంటికి ఈ ఉద్యోగం ఎంత పెద్ద అండో మనకు చెప్పనక్కరలేదు. అయితే పందొమ్మిదేళ్ళకే గుమాస్తా కుర్చీ దొరికితే పట్టా మాట ఎవరు తలపెడతారు? మోకాలు మొరాయించిన నాడు పదోన్నతి పరీక్షకు పట్టా కావలసి వస్తుంది. వారణాసి అక్కచెల్లెళ్ళలో దివ్యా సింగ్ భారత జట్టులో ఆడిన తరువాత కూడా అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి క్రీడా నిర్వహణలో పట్టా పుచ్చుకున్నది. ఆమె చెల్లెలు ప్రతిమ ఢిల్లీలోని జీసస్ అండ్ మేరీ కళాశాలలో చదువుతూ ఆడింది.

మా విభాగంలోని మిత్రుడు ఒకరు మొన్న వారి అమ్మాయికి వచ్చిన కాగితాలు తెచ్చి మా బల్లమీద పెట్టినారు. అమ్మాయి పన్నెండవ తరగతి పూర్తిచేసింది, పాఠశాలల జాతీయ పోటీలలో ఆడింది. ఒకటి అమెరికాలో రెండవ శ్రేణి కళాశాల వారి లేఖ, రుసుములో కొంత భాగం భరిస్తామని.

"గురువుగారూ, ఇందులో ఏమైనా తిరకాసు ఉన్నదా?" అని అడిగినారు.

"తిరకాసు లేదండీ, గడువు ఉన్నది. ఏటేటా పునరుద్ధరణ అని వ్రాసినారు. మిగిలిన రుసుము మీ భవిష్యనిధి నుండి నాలుగేళ్ళు తీయగలరా?"

ఆయన మౌనం వహించినారు. మొదటి శ్రేణి కళాశాలలను ఎందుకు ప్రయత్నించలేదని అడిగినాము. అక్కడ తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు 16 ముఖ్య పాఠ్యాంశాలు లెక్కిస్తారు. వానిలో 10 ఆఖరి సంవత్సరానికి ముందే పూర్తి కావాలి. ఆ పదింటిలో 7 ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రాలకు చెందినవై ఉండాలి. అమ్మాయి తొమ్మిదవ తరగతిలో పోటీలకు తిరుగుతూ గణితం వదిలివేసిందట. అప్పటికి ఆ నియమం ఇంటిలో ఎవరికీ తెలియదు.

రెండవ కాగితం ఢిల్లీ కళాశాల ప్రవేశానికి సంబంధించినది. తండ్రి అమెరికా వైపు, తల్లి ఢిల్లీ వైపు. అమ్మాయి మాత్రం ఇద్దరినీ కాదని తానే ఒక ప్రశ్న వ్రాసి రెండు చోట్ల శిక్షకులకూ పంపిందట: మూడేళ్ళ క్రితం మీ జట్టులో చేరిన అమ్మాయిలలో ఇప్పటికీ ఎంతమంది ఆడుతున్నారు, ఎంతమంది పరీక్షలు ఉత్తీర్ణులైనారు? ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళే నాటికి జవాబు ఒక్క చోటు నుండే వచ్చింది.