సబ్బుబిళ్ల మీద పన్ను, సంపద మీద పన్ను

మొన్నామధ్య మా సంఘంలో యౌవనుల కూటం ముగిశాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఓ తమ్ముడు నన్ను ఆపి అడిగాడు. 'అయ్యగారూ, నా జీతంలో పై భాగానికి ముప్పై శాతం లెక్కన ముందే కోసేస్తున్నారు. ధనవంతుల మీద పన్ను ఇంకా పెంచాలని టీవీలో వాదిస్తున్నారు. బైబిల్లో అందరికీ పదో వంతే కదా! ఉన్నవాడికో లెక్క, లేనివాడికో లెక్క న్యాయమేనా?' అన్నాడు. పక్కనే చాపలు చుడుతున్న ఓ అమ్మ నవ్వి, 'మీకు ఆ బాధైనా ఉంది బాబూ. మాకు జీతమూ లేదు, పన్నూ లేదు' అంది. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేసుకుని బతుకుతోంది. ఆ రోజు ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను.

ముందు ఆ అమ్మ మాట చూద్దాం. ఆమె పన్ను కట్టడం లేదన్నది నిజం కాదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటి నుంచి 2025 సెప్టెంబరు దాకా ఆమె కొన్న సబ్బుబిళ్ల మీద, తలనూనె మీద, టూత్‌పేస్టు మీద 18 శాతం పన్ను ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు, సంతోషం. కానీ 18 అయినా 5 అయినా, కోటీశ్వరుడు అదే సబ్బు కొంటే ఆయనకూ అంతే పన్ను. ఆయనకు అది లెక్కలోకి రాదు. ఈమెకు అది ఓ పూట కూర ఖర్చు. రసీదు ఇవ్వని చిల్లర కొట్టులో కొంటుంది గనుక తాను పన్ను కడుతున్నట్టు ఆమెకే తెలియదు.

ఇంకో పన్ను ఉంది. అది ఆమె భర్త కడతాడు, వైన్ షాపులో. సీసా ధరలో పెద్ద భాగం ప్రభుత్వానికే పోతుంది. మద్యానికి జీఎస్టీ వర్తించదు. ఆ ఆదాయం రాష్ట్రానిది. మన సంఘాల్లో మద్యానికి వ్యతిరేకంగా ఎన్ని ఉపవాస ప్రార్థనలు జరిగాయో లెక్కలేదు. అయినా ఆ షాపు ఎందుకు మూతపడదని మనం అడగం. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి తెచ్చింది. రెండేళ్లు గడిచాయో లేదో 1997లో దాన్ని సడలించారు. కల్తీ, అక్రమ రవాణా వంటి కారణాలు చెప్పారు గానీ, ఖజానా ఖాళీ అయిందన్నదే అసలు బరువైన కారణం. పోయిన ఆ ఆదాయాన్ని ఇంకెవరి దగ్గర వసూలు చేయాలన్న ప్రశ్న అప్పుడు గట్టిగా ఎవరూ అడగలేదు. సంఘాలూ అడగలేదు, మా పాస్టర్లమూ అడగలేదు. ఉన్నవారు కట్టని పన్నును ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కట్టక తప్పదు. మన రాష్ట్రాల్లో దాన్ని ఎక్కువగా తాగుబోతు ఇంటి ఇల్లాలు కడుతోంది. ధనవంతుల పన్ను గురించి విశ్వాసులు ఎందుకు పట్టించుకోవాలని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే.

ఇక సంపద మీద పన్ను మన దేశానికి కొత్త కాదు. 1953లో ఎస్టేట్ డ్యూటీ పేరుతో వారసత్వ ఆస్తి మీద పన్ను వచ్చింది. 1957లో సంపద పన్ను వచ్చింది. 1973-74 నాటికి రెండు లక్షలు దాటిన ఆదాయంలో ప్రతి వంద రూపాయలకూ సర్‌చార్జీతో కలిపి 97 రూపాయల 75 పైసలు ప్రభుత్వం తీసుకునేది. అంటే సంపాదించినవాడికి మిగిలేది రెండుంపావు. అది న్యాయం అనిపించుకోదు, దొంగ లెక్కలకు పిలుపు అనిపించుకుంటుంది. జరిగిందీ అదే. ఆ మరుసటి ఏడాదే దాన్ని 77 శాతానికి దించారు. 1985లో వీపీ సింగ్ ఎస్టేట్ డ్యూటీని ఎత్తేశారు. దాని ద్వారా వచ్చేది సుమారు 20 కోట్లే, వసూలు ఖర్చు మాత్రం ఎక్కువ అన్నారు. 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ సంపద పన్నునూ రద్దు చేశారు. 2013-14లో దేశం మొత్తం మీద అది తెచ్చింది 1,008 కోట్లే. దాని బదులు కోటి రూపాయలు దాటిన ఆదాయం మీద 2 శాతం అదనపు సర్‌చార్జీ వేస్తే 9,000 కోట్లు వస్తాయని ఆయన లెక్క చెప్పారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు.

అయితే అంత తక్కువ ఎందుకు వచ్చిందన్నది కూడా చూడాలి. ఆ పన్ను బంగారం, కార్లు, ఖాళీ స్థలాల వంటి వాటి మీదే ఉండేది. కంపెనీల షేర్లకు మినహాయింపు. నిజమైన కుబేరుల సంపద ఉండేదే షేర్లలో! పెద్ద చేపలకు దారి వదిలి చిన్న చేపలకు వల వేసి, చేపలు పడలేదని వల చుట్టేసినట్టయింది. సర్‌చార్జీ పడేది ఆదాయం మీద, సంపద మీద కాదు. ఒకరి షేర్ల విలువ ఏడాదిలో వెయ్యి కోట్లు పెరిగినా, అమ్మనంత వరకు అది ఆదాయం కిందికి రాదు. అమ్మినా, 2024 జూలై నుంచి దీర్ఘకాలిక లాభం మీద పన్ను పన్నెండున్నర శాతమే. మా సాఫ్ట్‌వేర్ తమ్ముడి కోపం ఇక్కడ సబబే. చెమటోడ్చిన జీతం మీద ముప్పై, కూర్చున్నచోట పెరిగిన సొమ్ము మీద పన్నెండున్నర. ఆ కోపం పాచిపని చేసే అమ్మ మీదికి కాకుండా పైకి చూడాలని మాత్రమే అతనికి చెప్పాను. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదన్న సంగతి కూడా అందరికీ తెలిసిందే. రెండెకరాల రైతుకు అది రక్షణ. వందల ఎకరాలున్నవారికీ, పంట పండించకుండానే పండిందని రాసుకునేవారికీ అది మరుగు.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 22 శాతానికి, కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకు 15 శాతానికి తగ్గించారు. ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నట్టు ప్రభుత్వమే చెప్పింది. 2023లో కొత్త పన్ను విధానం కింద అత్యధిక ఆదాయం మీది మొత్తం పన్ను 42.74 నుంచి 39 శాతానికి దిగింది. 2025 నుంచి పన్నెండు లక్షల దాకా జీతగాళ్లకు పన్ను లేకుండా చేశారు గనుక మధ్యతరగతికీ కొంత ఊరట దక్కింది. మరోపక్క దేశ సంపదలో దాదాపు 40 శాతం ఒక్క శాతం మంది చేతిలో ఉందని 2024లో థామస్ పికెట్టీ, ఆయన సహచరులు అంచనా కట్టారు. లెక్కల్లో కొంత తేడా ఉండొచ్చు గానీ, ఏ వీధిలో నడిచినా మన కళ్లు చెప్పే సాక్ష్యం వేరుగా లేదు.

ఇప్పుడు లేఖనాలకు వద్దాం. నిర్గమకాండము 30వ అధ్యాయంలో జనసంఖ్య లెక్కించినప్పుడు ప్రతివాడూ అర తులమే ఇవ్వాలని, ధనికుడు ఎక్కువ గానీ బీదవాడు తక్కువ గానీ ఇవ్వకూడదని ఉంది. ధనవంతులు ఎక్కువ కట్టనక్కర్లేదనేవారు పట్టుకునే వచనం ఇదే. కానీ అది ప్రాణానికి చెల్లించే ప్రాయశ్చిత్త ధనం. దేవుని యెదుట కోటీశ్వరుడి ప్రాణమూ కూలివాడి ప్రాణమూ ఒకే ఖరీదు అని చెప్పడానికే ఆ సమానత్వం. అర్పణల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు, అదీ కుదరనివాడు కాస్త పిండి తెస్తే చాలని లేవీయకాండము 5వ అధ్యాయం చెబుతుంది. యోసేపు మరియలు బాలయేసును దేవాలయానికి తెచ్చినప్పుడు బలిగా ఇవ్వవలసింది పేదవారికి విధించిన ఆ పక్షుల జతే (లూకా 2:24). దశమభాగమైనా పొలం పంట మీద, మందల మీద విధించింది. పొలమూ మందా లేనివాడు ఇచ్చేవారి జాబితాలో కనబడడు. పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు పుచ్చుకునేవారి జాబితాలో ఉన్నారు (ద్వితీయోపదేశకాండము 14:29). రెండు కాసులు వేసిన విధవరాలి విషయంలో ప్రభువు చూసింది ఎంత పడిందని కాదు, ఇచ్చాక ఎంత మిగిలిందని. శాతాల గురించి ఇన్ని చర్చలు విన్నాను గానీ, అంతకన్నా సూటైన కొలమానం నాకు దొరకలేదు.

అలాగని ధనవంతుల మీద వేసిన ప్రతి పన్నూ నీతి అయిపోదు. ఇశ్రాయేలు రాజైన మెనహేము భాగ్యవంతుల దగ్గరే తలా యాభై తులాల వెండి వసూలు చేశాడు (రెండవ రాజులు 15:20). దేనికి? అష్షూరు రాజుకు ముట్టజెప్పి తన గద్దె నిలుపుకోవడానికి! నెహెమ్యా కథ దీనికి పూర్తిగా వేరు. రాజుకు పన్ను కట్టడం కోసం పేదలు పొలాలు తాకట్టు పెట్టి, పిల్లలను దాస్యానికి పంపుకుంటున్నారని విని ఆయన మండిపడ్డాడు. కోప్పడింది పన్ను వేసిన దూరదేశపు రాజు మీద కాదు, ఆ అదను చూసి వడ్డీలు దండుకున్న సొంత ప్రధానుల మీద. తాను పన్నెండేళ్లు అధికారిగా ఉండీ తనకు రావలసిన భత్యం ముట్టుకోలేదు. పన్ను పెంచమని అడిగే నాయకులు ఆ అధ్యాయం ఒకసారి చదివితే బాగుంటుంది.

ప్రభుత్వాలు దుబారా చేస్తాయి కదా, మేమెందుకు కట్టాలని కొందరు విశ్వాసులు అడుగుతారు. పౌలు రోమీయులకు 13వ అధ్యాయం రాసింది ఏ పుణ్యాత్ముడి పాలనలోనో కాదు, నీరో కాలంలో. ఎక్కువ పన్ను వేస్తే ధనవంతులు దేశం విడిచి పోతారన్న మాటలో మాత్రం కొంత బలం ఉంది. అందుకే 2024లో రియోలో కలిసిన జీ20 దేశాలు అతి సంపన్నుల చేత నిజంగా పన్ను కట్టించే విషయంలో సహకరించుకుంటామన్నాయి. ఆచరణ ఇంకా దూరంలోనే ఉంది. అదే ఏడాది మన ఎన్నికల వేళ శామ్ పిట్రోడా వారసత్వ పన్ను మాటెత్తగానే దుమారం లేచింది. ఆయన సొంత పార్టీయే ఆ మాట మాది కాదంది. చర్చ మొదలవకుండానే ముగిసింది.

ఇంత చెప్పిన నేను నా ఇంటి సంగతి దాచకూడదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టుంది నా పరిస్థితి. కొన్నేళ్ల కిందట మా మందిరం పక్క స్థలం కొన్నాం. అమ్మినాయన కలిగినవాడు, సంఘానికి ఆప్తుడు. ప్రభుత్వ విలువకే కాగితం రాసి మిగతాది నగదుగా ఇచ్చాం. 'అందరూ చేసేదే అయ్యగారూ' అన్నారు, సాక్షి సంతకం పెట్టాను. మాకు స్టాంపు డ్యూటీ మిగిలింది, ఆయనకు లాభం మీద పన్ను మిగిలింది. మరుసటి ఏడు మందిరం స్లాబుకు ఆయన పెద్ద కానుక ఇచ్చాడు. ఆదివారం ఆయన్ను ముందుకు పిలిచి, తలమీద చేయుంచి ప్రార్థన చేశాను. పుదీనాలో, జీలకర్రలో పదో వంతు ఇచ్చి న్యాయాన్ని విడిచిపెట్టినవారి మీద (మత్తయి 23:23) ఎన్నిసార్లు ప్రసంగించానో! మోసంతో తీసుకున్నది తిరిగి ఇచ్చేటప్పుడు ఐదో వంతు కలిపితే చాలని ధర్మశాస్త్రం అంటుంది. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని చెప్పింది ఆ మాట అన్న తర్వాతే, భోజనం వడ్డించినందుకు కాదు.

ఆ తమ్ముడి ప్రశ్న తర్వాత ఆ దస్తావేజు బీరువాలోంచి తీసి చూశాను. ఆ రోజు ఎగ్గొట్టిన డ్యూటీ ఎంతో, దాన్ని ఇప్పుడు కట్టే దారి ఏమిటో చెప్పమని ఆడిటరును అడిగాను. వచ్చే నెల కమిటీ ముందు పెడతానని పెద్దలకు కబురంపాను. ఇద్దరు అప్పుడే ఫోన్ చేశారు. 'పాత సంగతులు ఇప్పుడెందుకు అయ్యగారూ' అన్నారు. స్థలం అమ్మినాయన ఇంకా ఫోన్ చేయలేదు.